ఖచ్చర్ తన్నలేదు

జహీరాబాదు, స్టేషను వీధి
12 జూన్ 1946

సికింద్రాబాదు ఫౌజీ పింఛన్ల అప్పీళ్ల దఫ్తరులో తెలుగు గుమాస్తా మాణిక్‌రావు గారికి రత్నమ్మ నమస్కారాలు.

ఖచ్చర్ తన్నలేదు. ముందు ఆ మాట దిద్దుకోండి, మిగతా సంగతులు తరువాత మాట్లాడుకుందాం.

నా మనుమడు చెన్నబసప్ప అర్జీని కొట్టివేస్తూ మీ దఫ్తరు పంపిన కాగితం కింద ‘తెలుగు చేసినది మాణిక్‌రావు’ అని ఉంది గనుక మీకే రాస్తున్నాను. అందులో ఇలా ఉంది: ‘దరఖాస్తుదారుడి ఎడమ మోకాలి గాయం ఖచ్చర్ తన్నడం వల్ల, స్వంత అజాగ్రత్త వల్ల కలిగింది. ఖచ్చర్ శత్రువు కాదు. కనుక ఇది యుద్ధ గాయం కాదు.’

ఖచ్చర్ శత్రువు కాదని కనిపెట్టడానికి అంత పెద్ద దఫ్తరు ఎందుకండీ? కంచర గాడిద మొహం ఒక్కసారి చూసినవాడికెవడికైనా ఆ సంగతి తెలుస్తుంది.

జరిగింది వినండి. మా వాడు ఇటలీ దేశంలో ఖచ్చర్ల కంపెనీలో పని చేశాడు. మోటార్లు ఎక్కలేని కొండదారుల్లో ఖచ్చర్ వీపున తిండీ మందుగుండూ వేసి ముందున్న సిపాయిలకు చేర్చడం వాళ్ళ పని. 1944 నవంబరులో ఒక మలుపు దగ్గర శత్రువు ఫిరంగి గుండు పక్కనే పేలింది. వాడు నడిపిస్తున్న నలభై ఒకటో నంబరు ఖచ్చర్ ఆ దెబ్బ తాను తిని, చచ్చి, వాడి మీద పడింది. దాని ఒంట్లోంచి దూసుకువచ్చిన ఇనుప ముక్క మా వాడి మోకాలిలో నేటికీ ఉంది. తన్నడం వేరు, మీద పడడం వేరు. తన్నేది కోపం వచ్చి. అది పడింది ప్రాణం పోయి.

నాకు కావలసినవి రెండు. ఒకటి: ఆ ముక్క దీపావళి లోపు తీయకపోతే మోకాలు జన్మకు వంగదని ఇక్కడి దవాఖాన డాక్టరు చీటీ రాసి ఇచ్చాడు. తీయగలిగింది మీ ఊరి ఫౌజీ దవాఖానలోనే. వాళ్ళేమో యుద్ధ గాయమని కాగితం ఉంటేనే చెయ్యి వేస్తామంటున్నారు. రెండు: ఆ ‘అజాగ్రత్త’ అన్న మాట. తల్లీ తండ్రీ పోయిన పిల్లవాణ్ణి ఆరో ఏట నుంచి నేను పెంచాను. నేను పెంచినవాడు నిండు పాలచెంబు పట్టుకుని పరుగెత్తినా చుక్క ఒలకబోయడు. పింఛను సంగతి మీ ఇష్టం. ఆ మాట మాత్రం ఆ కాగితం మీద ఉండడానికి వీల్లేదు.

ఇట్లు, మీ అప్పీలుకు మళ్ళీ అప్పీలు చేసుకుంటున్న
రత్నమ్మ

తా.క. మీ తెలుగు చాలా బాగుంది. తప్పుడు మాటను ఇంత శుభ్రమైన తెలుగులో నేను ఇదివరకు చదవలేదు.


సికింద్రాబాదు
27 జూన్ 1946

పెద్దలు రత్నమ్మ గారికి, గుమాస్తా మాణిక్‌రావు చేతులు జోడించి రాసేది.

అమ్మా, నేను తెలుగు చేసేవాణ్ణే గాని తీర్పు చెప్పేవాణ్ణి కాను. తన్నింది నేను కాదు. ఖచ్చర్ కూడా కాదని మీ ఉత్తరం వల్ల తెలిసింది.

పొరపాటు ఎక్కడ పుట్టిందో పాత కాగితాలు తిరగేసి చూశాను. ఇటలీలో మీ మనుమడిని చేర్చిన గుడారం దవాఖానలో ఒక ఫారం నింపుతారు. దానిలో గాయానికి మూడే గడులు: శత్రువు, జంతువు, ప్రమాదం. మోసుకువచ్చినవాళ్ళు ‘ఖచ్చర్ కింద దొరికాడు’ అన్నారట. రాసేవాడు ‘జంతువు’ గడిలో గుర్తు పెట్టాడు. ఆ గుర్తు చూసిన తరువాతివాడు ‘తన్ని ఉంటుంది’ అనుకున్నాడు. ఆ తరువాతివాడు ‘తన్నే దూరంలో వీడెందుకు నిలబడ్డాడు’ అనుకుని అజాగ్రత్త చేర్చాడు. నా దాకా వచ్చేసరికి తెలుగు చేయడం ఒక్కటే మిగిలింది.

ఇప్పుడు అప్పీళ్ల సాహెబుగారికి రెండు సంగతులు రుజువు కావాలి. గాయం శత్రువు వల్లనే తగిలిందనడానికి సాక్ష్యం ఒకటి. ఆ గాయం వల్ల మనిషి ఏ మేరకు పనికి రాకుండా ఉన్నాడన్నది రెండోది. మొదటిదానికి కళ్ళారా చూసిన సాక్షిని మీరు చూపించాలి. రెండోది దఫ్తరు తన పద్ధతిలో తాను తెలుసుకుంటుంది. ఆ పద్ధతి ఏమిటో చెప్పడానికి నాకు అధికారం లేదు.

ఇట్లు, మీ విధేయుడు
మాణిక్‌రావు

తా.క. పదకొండేళ్ళుగా తీర్పులు తెలుగు చేస్తున్నాను. నా తెలుగు బాగుందన్నవారు మీరొక్కరే. ఆ మాట దేని వెనుక వచ్చిందో చూడకుండా మా అమ్మకు చదివి వినిపించాను.


జహీరాబాదు
5 జూలై 1946

గుమాస్తా మాణిక్‌రావు గారికి రత్నమ్మ ఆశీస్సులు. (మీకు అమ్మ ఉన్నదని తెలిసింది గనుక నమస్కారం మాని ఆశీస్సుకు దిగాను.)

కళ్ళారా చూసిన సాక్షులు ముగ్గురు. ఇద్దరు ఆ మలుపు దగ్గరే పోయారు. మూడో సాక్షి ఖచ్చర్.

నవ్వకండి. ఖచ్చర్‌నే అడగమంటున్నాను. చెన్నబసప్పను కూర్చోబెట్టి రెండు పూటలు అడిగితే ఒక సంగతి బయటికి వచ్చింది. వాడు ఫౌజు మాటలు ఊరికే చెప్పడు, పంటి కింద రాయి తీసినట్టు ఒక్కొక్కటి తీయాలి. వాళ్ళ కంపెనీలో ప్రతి ఖచ్చర్‌కూ గిట్ట మీద నంబరు కాల్చి ఉంటుందట. జంతువు చస్తే, నంబరున్న ఆ గిట్టను కోసి దఫ్తరులో చూపించాలట, లేకపోతే అమ్ముకున్నాడని అనుమానిస్తారట. ఎట్లా చచ్చిందో, ఎక్కడ చచ్చిందో దాని పేరిట ఒక కాగితం రాస్తారట.

“మరి నీ పేరిట ఏం కోసిన్రురా?” అని అడిగాను.

“నాకు గిట్ట లేదు గదా అవ్వా” అన్నాడు.

కాబట్టి నలభై ఒకటో నంబరు ఖచ్చర్ కాగితం తెప్పించండి. మనుషుల కాగితాలు రాసేవాళ్ళకు తొందర ఎక్కువ. జంతువుల కాగితం రాసినవాడు గిట్ట చేతిలో పెట్టుకుని రాశాడు.

ఇట్లు, సాక్షిని చూపించిన
రత్నమ్మ

తా.క. జర తొందరగా చూడండి. వీడికి కోహీరు నుంచి ఒక సంబంధం నడుస్తున్నది. గాజులమ్మే తారాబాయి తెచ్చింది. “ఆళ్ళు చెప్పి రారవ్వా, ఏదో బేరానికి వచ్చినట్టు ఒక మనిషిని పంపి పిల్లగాన్ని చూసుకుంటరు” అని హెచ్చరించి పోయింది. చెప్పకుండా వచ్చి మనిషి గుణం తెలుసుకుంటారట! ఇంత లేకి పద్ధతి ఎక్కడైనా విన్నారా?


సికింద్రాబాదు
3 ఆగస్టు 1946

రత్నమ్మ గారికి, మాణిక్‌రావు చాలా చింతతో రాసేది.

ఖచ్చర్ కాగితం కోసం రాశాం, ఇంకా రాలేదు. ఈలోగా రెండో సంగతి చెడిపోయింది. చెడగొట్టింది మీరే.

మా దఫ్తరు పద్ధతి ఏమిటో ఇప్పుడు చెప్పవచ్చు, ఎందుకంటే ఆ పని అయిపోయింది. ముందు చెప్పకుండా ఒక ఇన్‌స్పెక్టరును ఇంటికి పంపిస్తాం. పోయిన నెల పందొమ్మిదిన జగన్‌మోహన్ అనే మా ఇన్‌స్పెక్టరు మీ ఇంటికి వచ్చారు. ఆయన రిపోర్టు తెలుగు చేయవలసిన పని కూడా నా నెత్తినే పడింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

‘అల్లం విత్తనం బేరానికి వచ్చినట్టు చెప్పుకుని వెళ్ళాను. దరఖాస్తుదారు మంచం మీద గొంగడి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. నాకు కాళ్ళకు నీళ్ళు అతని నాయనమ్మ తెచ్చింది. మజ్జిగ ఆమే తెచ్చింది. అతను రోజూ పొలానికి నడిచి వెళ్తాడని, ఝరాసంగం జాతరకు నడిచి పోయి నడిచి వచ్చాడని, జొన్నల బస్తాను ఒంటిచేత్తో లేపుతాడని ఆమె చెప్పింది. మోకాలి నొప్పి ఉందా అని అడిగితే, “మోకాలా? వానికి మోకాళ్ళు ఉన్నయని వానికే యాద్ ఉండదు” అన్నది. నేను వెళ్తున్నప్పుడు అతను లేవలేదు. పెళ్ళి కావలసిన పిల్లవాడు అతిథి ముందు లేవకూడదని వాళ్ళ ఆచారమట. అంగవైకల్యం: ఏమీ లేదు.’

అమ్మా, ఈ మాటలు మీరు అన్నారా, లేదా?

ఇట్లు, తల పట్టుకున్న
మాణిక్‌రావు

తా.క. అల్లం బేరం ఏమైందని ఇన్‌స్పెక్టరు గారిని అడిగాను. మీరు చెప్పిన ధరకు దఫ్తరు మొత్తాన్ని కొనవచ్చునన్నారు.


జహీరాబాదు
9 ఆగస్టు 1946

మాణిక్‌రావుకు రత్నమ్మ రాసేది.

ఆ మాటలు నేను అన్నాను. కాని మీ ఇన్‌స్పెక్టరుతో అనలేదు. కోహీరు పెళ్ళివాళ్ళతో అన్నాను. ఆ సమయానికి అక్కడ మీ ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉంటే నేనేం చేయను?

చెప్పకుండా రావడం, అబద్ధపు బేరం ఆడడం, వంకరగా ప్రశ్నలు అడగడం. పెళ్ళివాళ్ళకూ మీ దఫ్తరుకూ ఒకటే అక్కల్, ఒకటే బుద్ధి ఉంటుందని నాకు ఎవరు చెప్పారు? వికారాబాదు నుంచి పొద్దుటి రైలు దిగి, శేర్వాణీ వేసుకుని, “అల్లం ఉన్నదా” అంటూ వచ్చాడు. అల్లం కొనేవాడు అల్లం చూస్తాడు. ఈయన పిల్లవాడి కాళ్ళు చూస్తున్నాడు. తారాబాయి చెప్పిన మనిషి వీడే అని అప్పుడే పట్టేశాను. ఇంత తెలివి నాకు అక్కరకు రాకుండా పోయిందన్నది వేరే సంగతి.

వీడు కుంటుతూ ఎదురు వెళ్ళబోయాడు. “కూర్చో” అని మంచం మీద కూలేసి, కాళ్ళ మీద గొంగడి కప్పాను. ఆ ఉక్కలో గొంగడి! వాడికి చెమటలు పోస్తున్నాయి.

“అవ్వా, జర ఊకో, గంత ఎక్కువ చెప్పకు” అని గొణుగుతూనే ఉన్నాడు.

“నువ్వు ఊకో. పిల్లను ఇచ్చేటోళ్ళకు ఏం చెప్పాల్నో నాకు ఎరుక” అని నేనూ వాడి చెవిలోనే అన్నాను.

“జాతరకు నడిచి పోయిన అని చెప్తవా? బండిల పోయినం గద!”

“ఎనకట ఒకపారి నడిచినవు. అప్పుడు నీకు పదేండ్లు. అది అబద్ధమా?”

జొన్నల బస్తా కూడా అబద్ధం కాదు. బస్తా సగం ఉన్నదని చెప్పలేదు, అంతే.

తప్పు నాది కాదని నేను అనను. మీది కూడా అని మాత్రం అంటాను. ‘నేను అప్పీళ్ల దఫ్తరు నుంచి వచ్చాను’ అని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ మోకాలు, ఆ మచ్చ, ఆ ఇనుప ముక్క తడిమి చూపించి, మెట్లు ఎక్కించి, దిగలేని దిగుడు దించి చూపించి ఉండేదాన్ని. సాహెబుగారికి చెప్పి మళ్ళీ ఒక మనిషిని పంపించండి. ఈసారి వాణ్ణి కూర్చోనివ్వను.

దీపావళికి రెండున్నర నెలలే ఉంది. నా గొప్పకు పోయి పిల్లవాడి కాలు పోగొట్టానన్న మాట నేను పడలేను నాయనా. ఇది అప్పీలు కాదు, అడుక్కోవడం. నాకు ఇది అలవాటు లేదు గనుక బాగా రాయలేకపోయాను.

ఇట్లు
రత్నమ్మ

తా.క. అల్లం ధర నేను ఎక్కువ చెప్పలేదు. అందులో కట్నం కూడా కలిపి చెప్పాను.


సికింద్రాబాదు
28 ఆగస్టు 1946

అమ్మా, మాణిక్‌రావు నమస్కారాలు.

మీరు అడుక్కోనక్కర లేదు. ఖచ్చర్ మాట్లాడింది.

నలభై ఒకటో నంబరు కాగితం నిన్న వచ్చింది. సాహెబుగారి ముందు గట్టిగా చదివాను. నకలు మీకు కూడా పంపుతున్నాను. ముఖ్యమైన గడులు ఇవి:

‘ఆడ ఖచ్చర్. నంబరు 41. పేరు రాణి. 1944 నవంబరు 23న శత్రువు ఫిరంగి గుండు పేలి యుద్ధంలో మరణించింది. గిట్ట అందినది. నడవడిక: ఉత్తమం. తన్నే అలవాటు: లేదు.’

సాహెబుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఒకే గుండు, ఒకే మలుపు, ఒకే రోజు. ఖచ్చర్ యుద్ధంలో చచ్చింది, దాని కింద ఉన్న మనిషి మాత్రం అజాగ్రత్తగా పడ్డాడు. ఈ సర్కారులో మనిషిగా చేరడం పొరపాటే” అన్నారు. మొదటి సంగతి గెలిచినట్టే.

ఇక రెండోది. మీ సంజాయిషీ ఆయనకు చదివి వినిపించాను. బీదరు ప్రాంతంలో పుట్టినవారు, పెద్దవారు. మరొక ఇన్‌స్పెక్టరును పంపడానికి ఉత్తర్వు రాసి పెట్టమన్నారు. ఎప్పుడు, ఎవరు, ఏ బేరం మీద వస్తారో చెప్పడానికి నాకు అధికారం లేదు. చెప్పకూడనిది చెప్పకుండానే ఒక మాట చెబుతాను: గొంగడి పెట్టెలో పెట్టండి.

ఇట్లు, మీ
మాణిక్‌రావు

తా.క. మీ మనుమడి కాగితంలో ‘నడవడిక’ గడి చూశాను. ‘సాధారణం’ అని ఉంది. మీకు చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను.


జహీరాబాదు
10 సెప్టెంబరు 1946

నాయనా మాణిక్‌రావ్, రత్నమ్మ ఆశీస్సులు.

‘సాధారణం’ సంగతి తరువాత చూస్తాను. ఖచ్చర్ కంటే ఒక మెట్టు తక్కువగా పెంచానని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

మీ రెండో మనిషి నిన్న వచ్చి వెళ్ళాడు. ఈసారి మీ దఫ్తరు తెలివి మీరింది. శేర్వాణీ లేదు, రైలు లేదు. ఎడ్లబండి దిగాడు. నుదుట విభూతి, మెడలో లింగం, అచ్చం మా వాళ్ళలో ఒకడు. “కందులు ఉన్నయా అవ్వా” అన్నాడు. నేను మోసపోతానా? కందుల వైపు కన్నెత్తి చూడలేదు.

చెన్నబసప్పను గుమ్మం నుంచి బావి దాకా మూడుసార్లు నడిపించాను. కాళ్ళకు నీళ్ళు వాడి చేతే తెప్పించాను. పాపం, వస్తూ వస్తూ సగం చెంబు ఒలికిపోయింది. నా మొదటి ఉత్తరంలో పాలచెంబు మాట ఉంటే కొట్టివేసుకో. పంచె పైకి తీయించి మచ్చ చూపించాను.

“ఏం పని చేస్తడు పిల్లగాడు?” అని అడిగాడు.

“ఏం చేస్తడయ్యా. మెట్లెక్కితే దిగలేడు. దిగితే ఎక్కలేడు. పూజకు కూసుంటే ఎడమకాలు బార్లా చాపి అరచేతిల లింగం పెట్టుకుంటడు. దేవుడే సర్దుకుంటున్నడు” అన్నాను.

“నిద్ర మంచిగ పోతడా?”

“ఏం నిద్ర! ‘చల్ రాణీ, చల్ రాణీ’ అని కలవరిస్తడు.”

ఆయన మొహం మాడిపోయింది. “రాణి ఎవరు?” అన్నాడు.

“చచ్చిపోయింది పాపం. వీని మీదనే పడి చచ్చిపోయింది” అన్నాను. ఆయన లేచి చెప్పులు వెతుక్కుంటుంటే, నువ్వు పంపిన ఖచ్చర్ కాగితం తెచ్చి చేతిలో పెట్టాను. చదివాడు. మళ్ళీ చదివాడు. కూర్చున్నాడు. కాగితం మడిచి నా చేతికిచ్చాడు. తరువాత “మజ్జిగ ఉన్నదా అవ్వా” అన్నాడు.

ఇంకా ఏమేమో అడిగాడు. పొలం ఎంత, కోపం ఉందా, తాగుడు ఉందా, ముసలమ్మ నోరు ఎట్లాంటిది. ఇన్ని గడులు మీ ఫారంలో ఉన్నాయా? అన్నిటికీ నిజమే చెప్పాను. వాడు మొండివాడని, గురక పెడతాడని కూడా చెప్పాను, అంగవైకల్యంలో ఎంతో కొంత కలుస్తుందేమోనని. నా నోటి సంగతి ఊళ్ళో విచారించుకోమన్నాను.

ఒక్క అక్షరం రాసుకోలేదు. మరిచిపోతాడేమోనని నాకు బెంగగా ఉంది. జర కనుక్కో.

ఇట్లు
రత్నమ్మ

తా.క. పోతూ పోతూ మా వాడి భుజం తట్టాడు. ఇన్‌స్పెక్టర్లకు అట్లా తట్టే అధికారం ఉంటుందా?


సికింద్రాబాదు
21 సెప్టెంబరు 1946

అమ్మా, మాణిక్‌రావు సాష్టాంగ నమస్కారాలు.

మేము ఎవరినీ పంపలేదు.

రెండో విచారణ ఉత్తర్వు తయారు చేసి సాహెబుగారి ముందు పెట్టాను. ఆయన సంతకం పెట్టకుండా, మొదటి రిపోర్టు మళ్ళీ తెమ్మన్నారు. దానిమీదనే తీర్పు చెప్పారు. మీ ఇంటికి వచ్చిన ఆ కందుల మనిషి ఎవరో మాకు తెలియదు.

తీర్పును తెలుగు చేసి పంపుతున్నాను. ఈసారి శుభ్రమైన తెలుగులో శుభ్రమైన మాటే ఉంది:

‘గాయం శత్రువు ఫిరంగి వల్ల కలిగినదని ఖచ్చర్ నంబరు 41 కాగితం రుజువు చేస్తున్నది. అజాగ్రత్త అన్న మాట రద్దు చేయడమైనది.

వైకల్యం లేదన్న ఇన్‌స్పెక్టరు రిపోర్టును జాగ్రత్తగా చదివాను. ఒక ముసలావిడ అతిథికి కాళ్ళకు నీళ్ళు తెస్తుంటే, మజ్జిగ తెస్తుంటే, ఆమె పెంచిన మనుమడు మంచం దిగలేదట. అతిథి వెళ్తుంటే లేవలేదట. నేను ఆ ప్రాంతంలో పుట్టి పెరిగాను. అలాంటి ఆచారం అక్కడ ఏ ఇంట్లోనూ లేదు. పెళ్ళికి పిల్లవాణ్ణి చూపించేటప్పుడు ఎద్దును నడిపించినట్టు వాకిట్లో నడిపించి చూపిస్తారు. కూర్చోబెట్టి గొంగడి కప్పారంటే, లేవలేడు గనుకనే. ఈవిడ ఉత్తరాలు చదివాను. ఈవిడ ముందు కాళ్ళు సరిగా ఉన్న మనుమడెవడూ అట్లా కూర్చుని బతకలేడు. వైకల్యం లేదని చెప్పిన ఈ రిపోర్టే, జహీరాబాదు డాక్టరు చీటీతో కలిసి, వైకల్యానికి నేను చూసిన సాక్ష్యాలన్నిటిలోకీ బలమైనది. అప్పీలు ఒప్పుకోవడమైనది. ఫౌజీ దవాఖానలో వెంటనే చికిత్స చేయాలి.’

అక్టోబరు ఏడున చెన్నబసప్పను తీసుకురండి. మంచం సిద్ధంగా ఉంటుంది. స్టేషనుకు నేనే వస్తాను.

ఇట్లు, మీ
మాణిక్‌రావు

తా.క. జగన్‌మోహన్ గారు తన రిపోర్టు ఇంత బాగుంటుందని తనకే తెలియదంటున్నారు. ఆయనకు పై హోదా ఇస్తారని వినికిడి. ఒక గొంగడి కొనుక్కుంటారట.


జహీరాబాదు
30 సెప్టెంబరు 1946

చిరంజీవి మాణిక్‌రావుకు, సంతోషంతో అక్షరాలు వంకరపోతున్న రత్నమ్మ ఆశీస్సులు.

తీర్పు వాడి చేత చదివించాను. ‘అజాగ్రత్త రద్దు’ అన్న చోట ఆగాడు. “అవ్వా, రాణి చెప్పింది ఇన్నరు” అన్నాడు. రెండేళ్ళలో ఆ పేరు మెలకువగా ఉండి పలకడం అదే మొదలు. తరువాత పశువుల కొట్టంలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. నేను పిలవలేదు.

సాహెబుగారికి చెప్పు: ఆయన తీర్పులో ఒక్క తప్పు కూడా నాకు దొరకలేదు. నా జీవితంలో ఇట్లా జరగడం ఇదే మొదలని కూడా చెప్పు.

ఇక ఆ కందుల మనిషి. నీ ఉత్తరం వచ్చిన మరునాడే తారాబాయిని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఆయన మహాదేవప్ప, కోహీరు. మా వాడికి చూస్తున్న పిల్ల సావిత్రమ్మకు మేనమామ. నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. పిల్లనిచ్చేవాళ్ళ మనిషిని కూర్చోబెట్టి కుంటి, మొండి, గురక అన్నీ నా నోటితో నేనే చెప్పాను గదా! వీడిక బ్రహ్మచారే అనుకున్నాను.

ఆయన తాంబూలం తీసి నా ముందు పెట్టాడు.

“అవ్వా, కాలు సంగతి మాకు మొదలే ఎరుక. తారాబాయి గాజుల మలారంల ముందు వార్తలే ఉంటయి, గాజులు ఎనుక. మీరు దాస్తరా, చెప్తరా చూడనీకే వచ్చిన. పదకొండు ఇండ్లు తిరిగిన. అందరి ఇండ్లల్ల పిల్లగాండ్లు దేవుండ్లే. మనిషి ఉన్నది మీ ఇంట్లనే” అన్నాడు.

“పిల్ల ఏమన్నది?” అని అడిగాను.

“‘కాలు వంగకపోతే వంగకపాయె, ఆ ముసలమ్మ మాటకు వంకర లేదు గద’ అన్నది.”

తాంబూలం అందుకున్నాను. ఆయన చెప్పింది నిజమే, నేను నిజమే చెప్పాను. ఎవరికి చెబుతున్నానో తెలియకపోవడం నా ఒక్కదాని సంగతి. సెప్టెంబరులో బండి దిగినవాడు పెళ్ళివాళ్ళ మనిషని తెలిసి ఉంటే వాడి ముందు కూడా గొంగడే కప్పేదాన్ని, పెళ్ళి పోయేది. ఈ మాట నీకు తప్ప ఎవరికీ రాయలేదు. ఉత్తరం చదివాక మీ అమ్మకు వినిపించకు.

పెళ్ళి మాఘంలో, మోకాలు వంగిన తరువాత. నువ్వూ మీ అమ్మా రావాలి. ఆ రోజు మా వాడు చాలాసేపు కూర్చునే ఉంటాడు. పెళ్ళికొడుకు గనుక. మీ జగన్‌మోహన్ గారు ఏమీ రాసుకోనక్కర లేదు.

ఏడో తేదీ పొద్దుటి రైలుకు వస్తున్నాం.

ఇట్లు, అప్పీలు గెలిచిన సిపాయి నాయనమ్మ
రత్నమ్మ

తా.క. స్టేషనుకు వచ్చే ముందు ఒక చిన్న పని చేసిపెట్టు. సికింద్రాబాదు బజారులో పటాలు కట్టేవాడి దగ్గర, ఒకదాని కింద ఒకటి రెండు కాగితాలు పట్టే చట్రం ఒకటి కట్టించు. ఖచ్చర్ కాగితం పైన, మా వాడి తీర్పు కింద రావాలి. ఆ మలుపు దగ్గర కూడా వరుస అదే. అద్దం పగలకుండా గోనెపట్టాలో చుట్టించి, నిలబెట్టి తీసుకురా.